చలి లెక్క అడిగే అవ్వ

మొన్న పేపర్లో లోపలి పేజీలో ఒక మూలకు చిన్న వార్త వేశారు. ఈ తారీఖున మన జిల్లాలో ఇంత చలి పడి ఎన్నో ఏళ్లయిందట. పాత రికార్డులన్నీ తిరగేసి చూశారట. మా మనవరాలు అది చదివి వినిపించి, "అమ్మమ్మా, స్వెటర్ వేసుకో" అని చెప్పి స్నానానికి పోయింది.

నేను స్వెటర్ వేసుకోలేదు. లేచి పక్కగదిలోకి పోయి, నిద్రపోతున్న దాని పసిబిడ్డ అరికాళ్లకు నా చేతి వెనక భాగం ఆనించి చూశాను. వెచ్చగానే ఉన్నాయి. ఈ అలవాటు నాకు మా అమ్మ నుంచి రాలేదు, మా అత్త నుంచీ రాలేదు. పాలమూరులో మా వెనక వాడలో ఉండిన ఒక అవ్వ దగ్గర అంటుకుంది. చలి అంటే అంత భయపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమె పోయింది మాత్రం నడి ఎండాకాలంలో, ఊరంతా వడగాలికి తలుపులు మూసుకున్న ఒక మధ్యాహ్నం.

నేను పెళ్లయి చౌటుప్పల్ నుంచి పాలమూరు పోయేనాటికి హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వస్తుందని అందరూ చెప్పుకుంటున్నారు. మాది నేతపని ఇల్లు. మా ఆయనదీ అంతే, కానీ ఆయన నాలుగు అక్షరాలు నేర్చుకుని చలి, ఎండ, వాన కొలిచి రాసే ఉద్యోగంలో చేరాడు. మేముండే కిరాయి ఇంటి పక్కన కంచె వేసిన ఖాళీ జాగా ఉండేది. దాని మధ్యలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్క డబ్బా. లోపలికి గాలి పోయేలా చుట్టూ ఏటవాలు పలకలు. రాత్రి చలి ఎంత కిందికి దిగిందో చూపించి అక్కడే ఆగిపోయే ఉష్ణమాపకం ఒకటి అందులో పడుకోబెట్టి ఉండేది. పొద్దెక్కాక మా ఆయన డబ్బా తలుపు తీసి, అది చూసి, రాసుకుని, మళ్లీ మూసేవాడు. వాడలో అందరూ ఆయన్ను డబ్బ సారు అనేవాళ్లు.

వెనక వాడంతా మగ్గాల చప్పుడే. పుట్టింట్లో ఉన్నట్టే ఉండేది నాకు. ఆ వాడ నుంచే అవ్వ వచ్చేది. మనిషి పొడుగు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టీ చుట్టీ మెడ ముందుకు వంగిపోయింది. చలికాలం రెండు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టుకునేది. మన ఇంటికి వస్తే ముందు కూర్చోదు. గోడల వంక చూస్తుంది. ఎక్కడైనా సందు కనబడితే, నడుముకు దోపుకున్న చిక్కునూలు ఉండ తీసి అందులో కూరుతుంది. సొంత ఇల్లా, పరాయి ఇల్లా అని లేదు. ఒకరోజు మా వంటింట్లో పొగ పోయే కిటికీని కూడా అట్లాగే మూసేసింది. నేను నవ్వుతూ ఆ నూలు పీకేస్తే, ఆమె నవ్వలేదు.

"ఎండ తిట్టుకుంట వస్తది బిడ్డా. వాన దరువేసుకుంట వస్తది. సలికే నోరు లేదు. నోరు లేనిదాన్ని నమ్మొద్దు" అంది.

పసిపిల్లల తల్లి ఎవరు ఎదురైనా, బాగున్నవా అని అడగకముందే వంగి బిడ్డ అరికాలికి చేతి వెనక భాగం ఆనించేది. "సల్లగున్నయి" అనేది ఒక్కోసారి. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూసిన తల్లికి ఆ రోజంతా కంటికి కునుకు ఉండదు. కొందరు ఆమె వస్తుంటే బిడ్డను తీసుకుని లోపలికి పోయేవాళ్లు.

ఏడాది పొడుగునా డబ్బా వైపు కన్నెత్తి చూడదు. సంక్రాంతికి ఇంకో వారం ఉందనగా ఒక తారీఖు ఉంది. ఆ పొద్దున మాత్రం వచ్చి కంచె అవతల నిలబడేది. కొంగు మెడకు బిగించుకుని, పళ్లు టకటక కొట్టుకుంటుండగా అడిగేది.

"దిగిందా, సారూ?"

"అరవై అవ్వా. మంచిగనే ఉన్నది" అనేవాడు మా ఆయన.

అప్పట్లో పాత లెక్క. జ్వరం చూసే గాజుగొట్టం మీద నూరు పైన ఉండే లెక్క లాంటిదే. అరవై అంటే పెద్ద చలి కాదు. అవ్వ ఆ అంకె విని గట్టిగా ఊపిరి వదిలేది. కంచెకు అవతలి నుంచే డబ్బాకు దండం పెట్టి పోయేది. ఒకసారి డబ్బా కాలికి పసుపు పూసి, కుంకుమ పెట్టింది కూడా. మా ఆయనకు కోపం వచ్చింది. "గిది దేవుడు కాదవ్వా, పైనుంచి సాబులు చూస్తె నా నౌకరి పోతది" అని తడిగుడ్డతో తుడిచాడు. "మొక్కకపోతె కోపం జేస్తదేమోనని" అంది అవ్వ, చాలా చిన్న గొంతుతో.

ఆ ఒక్క తారీఖు సంగతి ఏమిటో మొదటి చలికాలంలోనే నాకు చెప్పింది. ఇద్దరం మా ముంగిట్లో ఎండకు కూర్చుని పల్లికాయలు వొలుస్తున్నాం.

"నా బిడ్డను షాద్‌నగర్ల ఇచ్చిన. తొలి కాన్పుకు నా ఇంటికి తెచ్చుకున్న. ఆడపిల్ల పుట్టింది. పొద్దుగాల వాడల పడుగు నూలు సాపిండ్రు, గంజి వెట్టాలె, మనుషులు తక్కువుండ్రి. జరసేపే గదా అని తలుపు దగ్గరికేసి పోయిన. గొళ్లెం పెట్టలె. గాలికి తెర్సుకున్నది. తల్లికి ఒళ్లెరుగని నిద్ర. నేను వచ్చి పిల్లను ముట్టుకుంటె..."

కాయ చేతిలోనే ఉండిపోయింది. వొలవలేదు.

"అందరు తలా ఒక మాట అన్నరు. దిష్టి అన్నరు, గాలి సోకిందన్నరు. నాకేం తలకెక్కలె. అప్పుడున్న డబ్బ సారును పోయి అడిగిన. గాయన చెప్పిండు. ఈ తారీఖు నాడు ఇంత సలి ఎన్నడు రాయలేదవ్వా, యాభైకి లోపటికి దిగింది అని. గప్పుడు ఎరుకైంది నాకు, నా పిల్లను ఎత్కపోయింది ఎవరో."

ఆ కూతురు మళ్లీ కాన్పుకు పుట్టింటికి రాలేదు. తరువాతి పిల్లలందరినీ షాద్‌నగర్‌లోనే కన్నది.

తారీఖు ఒకటీ, తిథి ఒకటీ. రెండూ ఒకేనాడు పడటం చాలా అరుదు. పిల్ల పోయిన తిథి ముందు వస్తే ఆనాటి నుంచి తారీఖు దాకా, తారీఖు ముందు వస్తే తిథి దాకా, అవ్వకు రోజులన్నీ ఒకే రోజు లాగా గడిచేవి. తిండి సరిగ్గా తినేది కాదు. వాడలో ఎవరింట్లో పిల్ల ఏడ్చినా లేచి నిలబడేది. ఏడుపు ఆగితే ఇంకా భయపడేది.

తరువాత కొత్త లెక్కలు వచ్చాయి. అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. సేర్లు, తులాలు కూడా పోతాయన్నారు. డబ్బాలోకి కూడా కొత్త ఉష్ణమాపకాలు వచ్చాయి. నీళ్లు గడ్డకట్టే చోట సున్న, మరిగే చోట నూరు. ఇదే సులువని మా ఆయన సంబరపడ్డాడు. నాకు దాంతో ఏం పని? నాకప్పుడు అయిదో నెల.

ఆ ఏడు అవ్వ కోడలు నీళ్లాడింది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. మగపిల్లవాడు. బాలింత ఇంకా గది దాటలేదు, అంతలో ఆ తారీఖు వచ్చింది.

నేను వంటింటి గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. మా ఆయన డబ్బా తలుపు తీసి లోపలికి వంగి చూస్తున్నాడు. అవ్వ కంచె దగ్గర ఎప్పటిలాగే నిలబడింది.

"దిగిందా, సారూ?"

"పదకొండు" అన్నాడు ఆయన, రాసుకుంటూ.

అవ్వ కంచె మీదికి వంగి, "యాభై గాదా?" అని అడిగింది.

"యాభైలు, అరవైలు పోయినయవ్వా. ఇగ అన్నీ గీ లెక్కనే" అన్నాడు తల ఎత్తకుండానే.

నేను తలెత్తి చూసేసరికి ఆమె కంచె దగ్గర లేదు. వాడ వైపు ఉరుకుతోంది. ఆ వయసులో, రెండు చీరలు కాళ్లకు అడ్డం పడుతుండగా. నాకేమీ అర్థం కాలేదు. బియ్యం ఏరడం అయిపోయి చేట దులుపుతుంటే మళ్లీ కనబడింది. ఇస్త్రీ చేసే ఆయన కొట్టు నుంచి గంపెడు బొగ్గులు నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఒక చేత్తో గంప, ఇంకో చేత్తో పాత గోనెసంచులు.

"ఏమైందవ్వా?" అని కేకేశాను.

ఆమె ఆగలేదు. నడుస్తూనే అంది. "పదకొండు అట బిడ్డా! యాభై ఉన్ననాడే పాణం తీసింది. పదకొండంటె ఇగ ఎవరు మిగుల్తరు? నువ్వు గూడ తలుపేసుకో. కడుపుతోని ఉన్నవ్."

నేను పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. "పదకొండంటె పాత లెక్కల యాభైరెండు. ఏం కాలె..." అంటూనే నవ్వు ఆపేశాడు. "బొగ్గులెందుకు?" అన్నాడు. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. ఆ భయం తీసేసి వద్దామనే బయలుదేరాను తప్ప ఇంకేదీ నా మనసులో లేదు.

వాడలో మగ్గాలు ఆడుతున్నాయి. అవ్వ ఇంట్లో మగ్గం మాత్రం ఊరికే ఉంది. కొడుకు నూలు తేవడానికి పోయాడు. వసారాలో మగ్గం దాటి పోతే బాలింత గది. తలుపు మూసి ఉంది. కింద సందులో గోనె కూరి ఉంది. రెక్కల మధ్య చీలిక పొడుగునా చిక్కునూలు. పక్క గోడలో చిన్న కిటికీ ఉండేది, దానికి లోపలి నుంచి గొంగడి కట్టినట్టున్నారు, నల్లగా ఉంది. తలుపు మీద చెయ్యి వేస్తే చెక్క గోరువెచ్చగా తగిలింది. అప్పుడు నాకు భయమేసింది.

చౌటుప్పల్‌లో నా చిన్నప్పుడు ఒక వానాకాలం, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న ఆలుమగలు తెల్లవారి లేవలేదు. పొగే లేదు, ఎట్లా పోయారని ఊరంతా అనుకున్నారు. బొగ్గుకు పొగ ఉండదు.

"అవ్వా! తలుపు తియ్!"

లోపలి నుంచి, తలుపుకు ఆనుకునే ఉన్నట్టు, ఆమె గొంతు వినిపించింది. "తియ్య. సలి వస్తది."

"సలి లేదవ్వా! పదకొండంటె కొత్త లెక్క. పాత లెక్కల యాభైరెండు. యాభై దిగలె. నా మీద ఒట్టు, నా కడుపుల పిల్ల మీద ఒట్టు, తలుపు తియ్!"

"నన్ను ఫుస్లాయించి తలుపు తెరిపియ్యాలని చూస్తున్నవ్..." అంది. ఆ మాట చివర నాలుక మడతపడింది. తాగిన మనిషి మాటలా ఉంది.

"కోడలా! ఓ కోడలా! పలుకు!" అని అరిచాను. లోపల పలుకు లేదు. పిల్లవాడి ఏడుపు కూడా లేదు. రెండు చేతులతో తలుపు బాదాను. మగ్గాల చప్పుడులో నా అరుపు ఎవరికీ వినబడదేమో అనిపించి వీధిలోకి ఉరికి, నోటికి ఏం వస్తే అది అరిచాను. ఒక మగ్గం ఆగింది. ఇంకొకటి ఆగింది. తరువాత వాడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మగ్గం గుంటల్లోంచి మనుషులు లేచి వచ్చారు. ఎవరో గడ్డపార తెచ్చి తలుపు సందులో దూర్చి పెకిలించారు. గొళ్లెం ఊడి రెక్కలు ఇవతలికి వచ్చాయి. తలుపుకు వీపు ఆనించి కూర్చున్న అవ్వ వెనక్కి, మా కాళ్ల మీద పడింది.

లోపలి నుంచి వచ్చిన వేడి మొహం మీద కొట్టింది. మంచానికి అటూ ఇటూ రెండు కుంపట్లు, కణకణ ఎర్రగా. వాసన కూడా సరిగ్గా లేదు. మంచం మీద కోడలు నోరు తెరిచి పడుకుని ఉంది. పక్కన బట్టల మూటలో పిల్లవాడు.

తల్లినీ బిడ్డనూ ఎత్తుకొచ్చి వీధి మధ్యలో చాప మీద పెట్టారు. సన్నటి చలిగాలి వీస్తోంది. ఒక ముసలామె పిల్లవాడి మీద చుట్టిన బట్టలన్నీ విప్పేసింది. అవ్వ నేల మీద పాకుతూ వచ్చి, "సలి... సలి... కప్పుర్రి" అంటూ తన పైచీర లాగి వాడి మీద వేయబోయింది. "అటు గుంజుర్రి ఆమెను!" అని అరిచింది ముసలామె. "గాలి తగలనియ్యి!" ఇద్దరు మనుషులు అవ్వను రెక్కలు పట్టుకుని వెనక్కి లాగారు. ఆమె మట్టిలో కాళ్లు తన్నుకుంటూ, అదే మాట అంటూనే ఉంది.

ఎంతసేపో నాకు తెలియదు. కోడలు వాంతి చేసుకుంది. పిల్లవాడు కదల్లేదు. ముసలామె వాడి అరికాళ్లు గోటితో గీరింది. తలకిందులు చేసి వీపు మీద తట్టింది. చివరకు వాడు ఒక్కసారి దగ్గి, పిల్లికూన లాగా ఏడ్చాడు. అప్పుడు ఆ వీధిలో నిలబడ్డ మగవాళ్లు కూడా ఏడ్చారు. రిక్షాలో ఇద్దర్నీ దవాఖానకు తీసుకుపోయాం. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మా చేతిలో ఏమీ ఉండేది కాదు అన్నాడు డాక్టర్.

తల్లీ బిడ్డా బతికి ఇంటికి వచ్చారు. కొడుకు అవ్వను ఒక్క మాట అనలేదు. కోడలు కూడా అనలేదు. కానీ ఆనాటి నుంచి పిల్లవాడిని ఆమె దగ్గర వదిలి బావికి కూడా పోలేదు. చంకన వేసుకునే నీళ్లు చేదేది. వాడలో ఆమె మొహాన ఎవరూ ఏమీ అనలేదు, ఆమె వస్తే మాత్రం మాట ఆపేసేవాళ్లు.

నేను కాన్పుకు చౌటుప్పల్ పోయి, బిడ్డతో తిరిగి వచ్చాక అవ్వ చూడటానికి వచ్చింది. గడప బయటే నిలబడింది. గోడల వంక చూడలేదు. నడుముకు నూలు ఉండ లేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని ఉంది.

"లోపటికి రా అవ్వా, పిల్లను చూడు."

"చూస్తున్న బిడ్డా. ఈడికెల్లే కనబడుతాంది."

"ముట్టుకో. ఏం కాదు."

తల అడ్డంగా ఊపింది. "ఇన్నేండ్లు సలికి భయపడ్డ. ఇప్పుడు నాకు నా చేతులంటె భయమైతాంది. అవి నేను చెప్పినట్టు ఇంటయో, ఇనయో."

పిల్ల నా ఒడిలో కదిలింది. అవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది.

తరువాతి చలికాలాలు ఆమె కంచె దగ్గరికి రాలేదు. ఆ తారీఖున మా ఆయన అంకె చూసి కాసేపు అక్కడే నిలబడేవాడు, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మా పిల్లలు బడికి పోయే వయసుకు వచ్చారు. అవ్వ మనవడు వీధిలో కర్రబిళ్ల ఆడేవాడు. కోడలికి మళ్లీ కాన్పయింది. ఈసారి ఆడపిల్ల.

ఆ ఏడు చలి ముదిరిపోయింది. పొద్దెక్కినా పొలాల మీద మంచు తెల్లగా ఉండేది. గొల్లవాళ్లు గొర్రెలు చచ్చిపోతున్నాయని చెప్పుకున్నారు. ఆ తారీఖు పొద్దున మా ఆయన డబ్బాలోకి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. వెనక్కి తిరిగితే కంచె అవతల అవ్వ ఉంది.

"దిగిందా, సారూ?"

ఆయన నా వంక చూశాడు. నేను ముంగిట్లో నిలబడి ఉన్నాను. ఆయన కంచె దాకా నడిచి వెళ్లాడు.

"దిగిందవ్వా. కొత్త లెక్కల ఎనిమిదిన్నర. పాత లెక్కల నలభై ఏడు. ఈ తారీఖు నాడు గింత సలి ఎన్నడు లేదు. నీ మనవరాలు పోయిననాటి కంటె తక్కువనే" అన్నాడు. ఒక్కొక్క మాటా ఆమెకు అందిందో లేదో చూసుకుంటూ చెప్పాడు.

అవ్వ కంచె తీగ పట్టుకుంది. "నెల దాటని పిల్ల ఉన్నది ఇంట్ల" అంది. తిరిగి నడవడం మొదలుపెట్టింది. నేను వెంట పడ్డాను. అడగకుండానే.

దారిలో రెండిళ్ల ముందు ఆగింది. రెండిళ్లలోనూ పాలు తాగే పిల్లలున్నారు. లోపలికి పోలేదు. వీధిలో నిలబడే, పళ్లు కొట్టుకుంటుంటే, మాటలు కూడదీసుకుని చెప్పింది. "కుంపటి లోపట పెట్టకుర్రి. తలుపు బిడాయించకుర్రి. పిల్లను మీ రొమ్ముకు, పెయ్యికి ఆనిచ్చుకొని ఎండకు కూసోర్రి." రెండో ఇంటి ఆమె వింటూ వింటూ కళ్లు తుడుచుకుంది.

సొంత ఇంటి ముందుకు వచ్చి అరుగు మీద కూర్చుంది. లోపలికి పోలేదు.

"పిల్లను జర ఎండకు తీస్కరా. నేను ముట్ట" అంది కోడలితో.

కోడలు పిల్లను తెచ్చింది. అత్త వంక చూసింది. చంకల్లో దాచుకున్న చేతులు. నా వంక కూడా ఒకసారి చూసింది. తరువాత వంగి, అత్త చేతుల్ని ఒకటొకటిగా బయటికి తీసి, పిల్లను ఆమె రొమ్ముకు ఆనించి పెట్టింది. పైచీర కొంగు ఇద్దరి చుట్టూ తిప్పి ముడి వేసింది.

"పొయ్యి మీద నీళ్లున్నయత్తా. నా చేతులు ఖాళీ లేవు. పట్టుకో" అని లోపలికి పోయింది. తలుపు బార్లా తెరిచే ఉంచింది.

అవ్వ ఊపిరి కూడా సరిగ్గా పీల్చలేదు. వేలు కదిపితే పిల్లకు ఏమవుతుందో అన్నట్టు కూర్చుంది. కళ్లు కిందికి దించలేదు. ఎదురింటి గోడ మీదే చూపు నిలిపి, చాలాసేపటికి అడిగింది.

"బిడ్డా, నాకు చూడ ధైర్యం లేదు. నువ్ జర చూసి చెప్పు. పాణమున్నదా?"

కొంగు కొంచెం తొలగించి చూశాను. పిల్ల నోరు తెరిచి నిద్రపోతోంది. పెదవుల మీద పాలచుక్క.

"ఉన్నదవ్వా."

ఎండ అరుగు మీదికి పాకింది. వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆడటం మొదలైంది. అవ్వ మళ్లీ అడిగింది. నేను మళ్లీ చూసి చెప్పాను.